బొటనవేలంత కాడ

ఏప్రిల్ పద్దెనిమిది, గుడ్ ఫ్రైడే. ఆ రోజు మధ్యాహ్నం మూడు దాటాక హెలెన్ తిన్నది పెసలు వేసి కాచిన గంజి, అందులోకి ఒక మామిడికాయ ఊరగాయ ముక్క. ఉపవాసం ఉన్న కడుపులోకి ఆ గంజి వెచ్చగా దిగడం కూడా ఆమెకు గుర్తుంది. మదనపల్లె చర్చి వరండాలో అందరూ బారుగా కూర్చున్నారు. సంఘపెద్ద జ్ఞానశేఖర్ చొక్కా చేతులు పైకి మడిచి, బకెట్టు తానే మోస్తూ, వద్దన్నవాళ్లకు కూడా ఇంకో గరిటె పోస్తున్నాడు. హెలెన్ పక్కన కూర్చున్న రోషన్ ఉన్నట్టుండి లేచి ఆయన దగ్గరికి వెళ్లాడు. ఏదో అడిగాడు. ఆయన నవ్వుతూ ఏదో చెప్పాడు. రోషన్ వెనక్కి వచ్చి, మిగిలిన గంజి నిలబడే తాగేసి, "అక్కా, రేపు నీకో వింత చూపిస్తా" అని బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ వింత హెలెన్ చూడలేదు. శనివారం తెల్లవారేసరికి పుంగనూరు చెరువు అంచున రోషన్ శవం తేలింది. తల వెనక దెబ్బ. బిగుసుకుపోయిన కుడి పిడికిట్లో జానెడు కిక్కస కాడ, చెరువుల్లో మొలిచే రెల్లులాంటి గడ్డిది.

అది జరిగి మూడు వారాలు. ఈ మధ్యాహ్నం పుంగనూరులో, ప్రత్యేక దర్యాప్తు బృందం అద్దెకు తీసుకున్న ఇంటి ముందు గదిలో, హెలెన్ ఒళ్లంతా మండిపోతూ నిలబడి ఉంది.

"నిన్ను లోపలికి ఎవురు రానిచ్చినారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ నాగేంద్ర, ఫైలు మీంచి తల ఎత్తకుండా.

ఇద్దరూ ఒకే బ్యాచిలో ట్రైనింగ్ అయినవాళ్లు. అతను ఇన్‌స్పెక్టరయ్యాడు. ఆమె ఎస్సై ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చి, మదనపల్లెలో డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టుకుంది. రోషన్ తల్లి సంతోషమ్మ, రిటైరైన నర్సు, నా బిడ్డను చంపినోడెవడో చెప్పమ్మా అని హెలెన్‌ను పెట్టుకుంది.

"నేనే వచ్చినా. కుప్పం నుంచి వస్తాండా. పొద్దున నువ్వు పట్టుకొచ్చినావే గడ్డి కోసే మునిస్వామి, వాళ్లావిడ బయ్యమ్మ వాకిట్లో కూలబడి ఉండాది. మొగుణ్ణి యాల తీసకపోయినారో కూడా ఆమెకు తెల్దు."

"చెప్పినాను. జీన్ రిపోర్టు వచ్చిందని చెప్పినాను. ఆమెకు అర్థం కాకపోతే నేనేం చేసేది?"

"గడ్డికి జీన్ రిపోర్టు వచ్చిందని మనిషిని జీపెక్కిస్తే ఎవురికి అర్థమవుతాది నాగేంద్రా?"

అతను ఫైలు మూశాడు. కోపం వస్తే నాగేంద్ర గొంతు తగ్గుతుంది. అది ట్రైనింగ్ రోజుల నుంచీ ఉన్న అలవాటే.

"సూడు హెలెన్. పిల్లోడు చేస్తాండిన రీసెర్చి ఏంది? మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊర్ల చెరువుల్లో, కాలవల్లో ఉండే కిక్కస అంతా ఒకటేనా, వేరే వేరేనా అని. చెరువుకొక కట్ట కోసి ల్యాబుకు పంపినాడు. కిక్కస వేర్లతోనే పాకతాదంట. ఒక్కో చెరువులో ఉండేదంతా ఒకే తల్లి పిల్లలంట. కుప్పం చెరువు తల్లి వేరే, మన పక్క తల్లి వేరే. ఇప్పుడు వాని పిడికిట్లో కాడను అదే ల్యాబులో వాని శాంపిళ్లతోనే పోల్చినారు. కుప్పం అని వచ్చింది. సచ్చినోడే సాక్ష్యం చెప్పినాడు. ఇంకేం కావల్ల నీకు?"

"ఆ సాక్ష్యం నీకు సగమే వినపడింది."

"ఇంకా విను. మార్చిలో మునిస్వామి ఈ పిల్లోని మీదికి కొడవలి ఎత్తినాడు. వీడియో ఉండాది. శుక్రవారం మధ్యాహ్నం నుంచి మునిస్వామి ఫోను స్విచ్చాఫ్. కుప్పం నుంచి ఈడికి బస్సులో రెండున్నర గంటలు. పిల్లోడు సచ్చింది సాయంత్రం ఆరుకూ ఎనిమిదికీ మధ్య. టైము సరిపోయింది. రేపు పొద్దున పదిన్నరకు మేజిస్ట్రేటు ముందర పెడతాండా. నీ ఏజెన్సీ బోర్డుకు తుప్పు పట్టిందంట కదా, పోయి రంగేసుకో."

హెలెన్ చంకలోని పేపరు చుట్ట విప్పి, అందులోని కిక్కస కాడను అతని బల్ల మీద పెట్టింది. పొద్దున కుప్పం చెరువు గట్టంతా తిరిగి కోసుకొచ్చింది. దాని లావు పెన్సిలంత.

"పిడికిట్లో దొరికిన కాడ తెప్పించు. కవరు విప్పొద్దు. పక్కన పెట్టు చాలు."

నాగేంద్ర బీరువా తెరిచి కవరు తెచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టారు. రెండు కాడలకూ కణుపు కింద ఊదారంగు గీత ఉంది, ఉంగరం తొడిగినట్టు. కానీ కవరులో ఉన్నది బొటనవేలంత లావు. దాని ఆకు రెండు వేళ్ల వెడల్పు.

"ఉంగరం పుట్టుకతో వచ్చేది, కుప్పం తల్లి పిల్లలకే ఉంటాది. నీ ల్యాబు చెప్పింది దాని సంగతే," అంది హెలెన్. "లావు మాత్రం తిండితో వచ్చేది. రోషనే చెప్పినాడు నాకు. ఒక తల్లి బిడ్డలే అక్కా, ఒకడు ఇంట్లో పెరిగినాడు, ఒకడు కలిగిన మేనమామ ఇంట్లో పెరిగినాడు, రెండోవాణ్ణి చూస్తే తల్లే గుర్తుపట్టదు అన్నాడు. ఎండిపోయే కుప్పం చెరువులో ఈ లావు రాదు. ఇది మురుగు తాగిన కాడ. పుట్టింది కుప్పంలో. పెరిగింది యాడనో మురుగునీళ్లల్లో."

"కుప్పం చెరువులో ఏదో మూల ఇంత లావుది ఉండదా?"

"గట్టంతా తిరిగినా. కాళ్లు చూడు."

అతను చూశాడు. మోకాళ్ల దాకా ఎండిన బురద. ఒక్క క్షణం అతని మొహంలో ఏదో కదిలి, మళ్లీ గట్టిపడింది.

"లావు చూపించి రిమాండు ఆపలేను."

"మునిస్వామితో మాట్లాడనీ."

"పది నిమిషాలు. నేను గుమ్మంలో ఉంటా."

లోపలి గదిలో మునిస్వామి నేల మీద గోడకానుకొని కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. అరచేతుల నిండా గడ్డి కోసిన పాత గీరలు. గదిలో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ అతని వైపే తిప్పి ఉంది. కానిస్టేబుల్ శారదమ్మ అతని పక్కన మజ్జిగ గ్లాసు పెట్టి, హెలెన్‌ను చూసి తప్పుకుంది. ఫ్యాను తిప్పినదెవరో హెలెన్‌కు తెలిసింది, నాగేంద్ర గుమ్మంలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. ఇంత మూర్ఖుడు ఆ ఒక్క పనీ ఎందుకు చేశాడా అని ఆమెకు ఇంకా కోపం వచ్చింది. పూర్తిగా తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా చేశాడు.

"మునిస్వామీ, రోషన్ మీదికి కొడవలి యాల ఎత్తినావు?"

"వేర్లు పీకతాండినాడమ్మా."

"పీకితే?"

"పీకకూడదు. మాకు గడ్డి కోసుకునే వేలమే. వేర్లు పంచాయతీవి."

"రెండు వేర్లు పీకితే పంచాయతీ మునిగిపోతాదా? నీ సొంత పొలంలో పీకినట్టు ఎగిరినావు వీడియోలో. నిజం చెప్పప్పా. రేపు పొద్దున దాటితే నేను కూడా నిన్ను కాపాడలేను."

మునిస్వామి నాగేంద్ర వైపు చూశాడు. నేల వైపు చూశాడు.

"పంచాయతీలో ఎవురికైనా తెలిస్తే మళ్ళీ మాకు వేలం ఇయ్యరమ్మా. మా నాయన కాలం నుంచి ఆ గడ్డితోనే బతకతాండాం."

"జైల్లో గడ్డి కోస్తావా? చెప్పు!"

ఆ కేకకు గుమ్మంలో నాగేంద్ర కూడా ఉలిక్కిపడ్డాడు.

"నేనే వేర్లు అమ్మినానమ్మా," అన్నాడు మునిస్వామి. "రెండేండ్లయింది. మదనపల్లె పక్క నుంచి ఒకాయన వచ్చినాడు. గోతాలు గోతాలు తవ్వించుకుని పోయినాడు. ఆ పిల్లోడు వేర్లు పీకి సూస్తాంటే, తవ్విన గుంతలు ఇంకా అట్నే ఉండాయి కదా, బయటపెడతాడేమోనని కొడవలి ఎత్తినా. బెదిరిద్దామని అంతే. మా అమ్మ తోడు."

"ఎవరాయన?"

"పేరు చెప్పలా. నేనూ అడగలా, దొంగ సరుకు కదా. ఆదివారం వచ్చి సూసినాడు. ఈ పొద్దే తవ్వుదాం సామీ అంటే, ఆదివారం పని చెయ్యకూడదు, రేపొస్తానన్నాడు. సోమారం వచ్చి, తవ్వకముందు బురదలో నిలబడి కండ్లు మూసుకొని ఏదో గొణిగినాడు. నాకు భయమైంది, చెరువుకు ఏం శాపం పెడతాండాడో అని. తర్వాత తెలిసింది, అది ప్రార్థనంట." మునిస్వామి ముక్కు తుడుచుకున్నాడు. "మంచాయనేనమ్మా. తవ్వే కూలోళ్లకంతా ఇడ్లీ పొట్లాలు తెచ్చినాడు. చేతులు కడుక్కోమని సబ్బు కూడా ఇచ్చినాడు."

హెలెన్ లేచి నిలబడింది. మంచాయన అన్న మాట ఆమె చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

బయటికొచ్చాక నాగేంద్ర నీళ్ల సీసా ఆమె ముందుకు తోశాడు.

"ముద్దాయి చెప్పిన కత అది. రుజువు కాదు."

"కత కావొచ్చు. కుప్పం వేర్లు ఇంకో చోటికి పోయినాయి అని నీ ఎదురుగానే చెప్పినాడు. అక్కడ మురుగు ఉంటే నీ కేసు కూలిపోయినట్టే."

"అయితే ఆ చోటు చూపించు. కుప్పం వేరు, మురుగునీళ్లు, రెండూ ఒకే చోట. రేపు పదిన్నర లోపల. చూపిస్తే నేనే మేజిస్ట్రేటు ముందర నిలబడి తప్పయిందని చెప్తా. చూపించకపోతే ఇంకోసారి నా ఆఫీసు గడప తొక్కొద్దు."

"శుక్రవారం నాలుగున్నరకు రోషన్ ఇంటికి ఒక గడ్డి కట్ట తెచ్చినాడని వాళ్లమ్మ చెప్పింది కదా నీకు. అది చూసినావా?"

"గది నిండా గడ్డేనమ్మా తల్లీ! పేపర్ల మధ్య గడ్డి, మంచం కింద గడ్డి, అటక మీద గడ్డి. ఏది చూసేది?"

హెలెన్ తలుపు తోసుకుని బయటపడింది.

పుంగనూరు నుంచి మదనపల్లె దారిలో స్కూటరు మీద, వేడిగాలి మొహాన కొడుతుంటే, ఆమె ఆ శుక్రవారాన్ని మొదటి నుంచీ మళ్లీ చూసుకుంది. ఈసారి గంజి దగ్గర కాదు, అంతకుముందు, చర్చి లోపల.

వాళ్ల చర్చిలో ఒక ఆచారం ఉంది. సైనికులు క్రీస్తు చేతిలో రెల్లు కాడ పెట్టి ఎగతాళి చేశారు కదా, దానికి గుర్తుగా గుడ్ ఫ్రైడే నాడు సిలువ పక్కన ఒక పొడుగాటి కిక్కస కాడను నిలబెడతారు. అది కోసి తేవడం సంఘపెద్ద వంతు. ప్రతి ఏడూ ఏదో చెరువులోంచి బక్కపల్చటి కాడ ఒకటి తెచ్చి ఆనించేవాళ్లు, ఎవరూ దాని వంక చూసేవాళ్లు కాదు. ఈ ఏడు చూశారు. ఈ ఏటి కాడ రెండాళ్ల ఎత్తుంది. ఎంత బాగా దొరికిందన్నా అని ఆడవాళ్లు మెచ్చుకున్నారు. జ్ఞానశేఖర్ మొహం వెలిగిపోయింది. దేవుడికి పెట్టేది మంచిదే పెట్టాలని, ఆయన తన సొంత చోటు నుంచి అన్నిటికంటే లావుదాన్ని ఏరి కోసుకొచ్చాడు. రోషన్ మూడు గంటలూ ఆ కాడనే చూస్తూ కూర్చున్నాడు. దాని కణుపుల కింద ఊదారంగు ఉంగరాలున్నాయి. అవి హెలెన్ కూడా చూసింది. చూసి, అందంగా ఉన్నాయే అనుకుంది.

గంజి దగ్గర రోషన్ ఆయన్ను అడిగింది, ఈ కాడ యాడిది అంకుల్ అనే.

ఆయన నవ్వుతూ చెప్పేశాడు.

హెలెన్ బండి పక్కకు ఆపింది. తన అమ్మ పోయినప్పుడు శవపేటికకు ముందు భుజం పట్టినవాడు జ్ఞానశేఖర్. ఆ మనిషి మీద అనుమానం రావడమే పాపంలా తోచింది. ఆ వెంటనే, అలా తోచినందుకు తన మీద తనకే మండింది. మునిస్వామిని అనుమానించడానికి ఎవరికీ పాపం అనిపించలేదు కదా!

జ్ఞానశేఖర్ కాంట్రాక్టరు. నిమ్మనపల్లె రోడ్డులో కొత్తగా వేసిన లేఅవుట్‌లో మురుగునీళ్లు శుద్ధి చేసే పని రెండేళ్ల కిందట ఆయనకే వచ్చింది. మిషన్లు అక్కర్లేదు, గడ్డి మడి వేస్తే చాలు, వేర్లే మురికిని లాగేస్తాయి, దేవుడిచ్చిన ఫిల్టరు అని చర్చిలో అందరికీ చెప్పుకున్నాడు. ప్రారంభోత్సవానికి పాస్టరుగారు ప్రార్థన కూడా చేశారు.

హెలెన్ అక్కడికి చేరేసరికి పొద్దు వాలుతోంది. గేటు పక్క బోర్డు మీద "సహజ మురుగునీటి శుద్ధి వనం" అన్న అక్షరాలకు కొత్తగా సున్నం పూశారు. అక్షరాలు కింద నుంచి ఇంకా కనబడుతూనే ఉన్నాయి. లోపల ఎర్రమట్టి కొట్టి చదును చేసిన మడి. దాని మీద వరసగా కనకాంబరం నారు. జేసీబీ చక్రాల అచ్చు మూలన ఇంకా చెరిగిపోలేదు.

వాచ్‌మన్ కృష్ణప్ప కుర్చీలోంచి లేచాడు.

"ఎవరు కావల్లమ్మా?"

"ఈడ కిక్కస మడి ఉండాది కదా, ఏమైంది?"

"కిక్కసా? ఈడ ఎప్పుడూ లేదే. ఇది పూలతోట."

"పూలతోటకు ఇంత లావు మురుగు పైపు యాలప్పా?"

"నీళ్లు కట్టేదానికి."

"మురుగుతో కనకాంబరాలా? పెట్టుకున్న ఆడోళ్లు నిన్ను దీవిస్తార్లే."

కృష్ణప్ప మొహం మాడ్చుకుని ఫోను తీసుకుని గేటు అవతలికి పోయాడు. "సార్, హెలెనమ్మంట, చర్చి హెలెనమ్మ... మడి చుట్టూ తిరగతాండాది..." అనడం ఆమెకు వినబడింది. విననీ అనుకుంది. చెప్పనీ.

మురుగు లోపలికి వచ్చే పైపు తూర్పు చివర ఉంది. శుద్ధి అయిన నీళ్లు బయటికి పోవాల్సిన పైపు పడమటి చివర. హెలెన్ పడమటి పైపు దగ్గర ముక్కు మూసుకుంది. శుద్ధి లేదు, ఏమీ లేదు. మడి అడుగున ఒక పైపు వేసి, ఇటు వచ్చిన మురుగును అటు వంకలోకి అట్లాగే వదిలేస్తున్నారు. పైన ఉండిన గడ్డి, పైపు రెండు చివర్లా కారే మురుగు తాగి బలిసింది, చూసిపోయేవాళ్ల కోసమే. ఆ వంక కింద పల్లె ఉంది. పల్లె బావి ఆ వంక ఊటతోనే నిండుతుంది. మార్చిలో ఆ పల్లె పిల్లలంతా కామెర్లతో ఆస్పత్రిలో పడ్డారు. ఇద్దరు తిరిగి ఇంటికి రాలేదు. రిటైరయినా సంతోషమ్మ రోజూ పోయి ఆ పిల్లల పక్కన కూర్చునేది. రోషన్ అమ్మకు అన్నం క్యారియర్ తీసుకుపోయేవాడు.

రోషన్‌కు ఏం కనబడిందో ఇప్పుడామెకు అర్థమైంది. మడి అంతా ఒకే కుప్పం తల్లి పిల్లలు. జీన్‌లో తేడా లేదు కాబట్టి, లావులో తేడా వస్తే అది నీళ్ల వల్లనే రావాలి. మురుగు వచ్చే చోట కాడలు లావుగా పెరగాలి. నీళ్లు శుభ్రమయ్యే కొద్దీ, బయటికి పోయే చోట సన్నగా కావాలి. రెండు చివర్లా ఒకే లావుంటే, లోపలికొచ్చిన మురికే బయటికి పోతున్నట్టు. శుక్రవారం మధ్యాహ్నం రోషన్ ఇక్కడికి వచ్చి, రెండు చివర్ల నుంచీ కోసుకున్నాడు. నాలుగున్నరకు ఆ కట్ట ఇంటికి తెచ్చి, కొలుచుకుని, పేపర్ల మధ్య పెట్టి, పైన లావు పుస్తకాలు బరువు పెట్టాడు. ఐదున్నరకు మళ్లీ బయల్దేరాడు. పోలీసుల దగ్గరికి కాదు. జ్ఞానశేఖర్ అంకుల్‌కు తెలియకుండా కూలీలెవరో మోసం చేశారనుకుని, ఆయనకే చెప్పడానికి వచ్చి ఉంటాడు. అట్లాంటి పిల్లవాడు. ఇక్కడ దెబ్బ తిని పడుతూ ఈ మడి కాడనే పట్టుకుని ఉంటాడు, శవాన్ని తర్వాత పుంగనూరు చెరువుకు మోసుకుపోయి ఉంటారు.

రుజువు? మట్టి కొట్టేశారు. హెలెన్ మోకాళ్ల మీద కూర్చుని పడమటి పైపు చుట్టూ వెతికింది. సిమెంటు దిమ్మెకూ మట్టికీ మధ్య, చెయ్యి పట్టేంత సందులో, ఏదో పచ్చగా మెరిసింది. ఫోను లైటు వేసింది.

కిక్కస మొలక. జేసీబీ పళ్లకు అందని వేరు ముక్క ఒకటి సిమెంటు కింద మిగిలిపోయి, మూడు వారాల్లో కొనదేలి పైకి వచ్చింది. పుట్టడమే బొటనవేలంత లావుతో పుట్టింది. మొదటి కణుపు కింద ఊదారంగు ఉంగరం. హెలెన్ దాన్ని పీకలేదు. ముట్టుకోనైనా లేదు. కొలతకు తన చేతిని మొలక పక్కన నేల మీద ఆనించి, ఫోటో తీసి నాగేంద్రకు పంపింది.

అతనే ఫోన్ చేశాడు.

"ఎవరిది ఆ చోటు?"

చెప్పింది.

"గేటు కాడ ఎవురైనా ఉండారా?"

"వాచ్‌మన్. వాళ్ల సార్‌కు అప్పుడే ఫోన్ చేసినాడు. ఈడ కిక్కసే లేదని చెప్తాండాడు."

"లాయరు కూడా అదే చెప్తాడు. మొలక నిన్న మొలిచింది, వంకలో కొట్టుకొచ్చింది అంటాడు." అతని గొంతు తగ్గింది. కానీ ఈసారి ఆ కోపం హెలెన్ మీద కాదు. "ఆ పిల్లోడు ఇంట్లో పెట్టిన కట్ట, అది శుక్రవారం కోసింది. అందులో రెండు చివర్ల కాడలూ ఉంటే, లావు సరిపోతే, మడి ఉండిందని, వాడు ఆడికి పోయినాడని రెండూ తేలిపోతాయి. నేను టీముతో వస్తాండా. మొలక నాకు వదిలెయ్. నువ్వు ఆ కట్ట పట్టుకో." ఫోను పెట్టేయబోతూ అన్నాడు. "శారదమ్మతో చెప్పి బయ్యమ్మకు ఫోన్ చేయిస్తాలే."

హెలెన్ స్కూటరు వైపు పరుగెత్తుతూనే సంతోషమ్మకు ఫోన్ కలిపింది. చీకటి పడింది. ఏడున్నర అవుతోంది. రింగు పోతూనే ఉంది. ఎత్తేసరికి ఆమె బండి మీద కూర్చుంది.

"అత్తా, నేను హెలెన్. రోషన్ గదికి తాళం వెయ్యి. నేను వచ్చేదాకా ఎవర్నీ లోపలికి పోనీయొద్దు."

"తాళమెందుకమ్మా, ఇన్ని రోజులూ ఏసే పెట్టినా. ఈ పొద్దే తెరిచినా." సంతోషమ్మ గొంతు ఏడ్చి ఏడ్చి తేలికపడినట్టుంది. "జ్ఞానశేఖరన్న వచ్చినాడు. ఇప్పుడే, పదినిమిషాలు కాలేదు. గడప కాడ నిలబడి ప్రార్థన చేసినాడు. నీ చేత కాదులేమ్మా, బిడ్డ సామాను నేను సర్దతా, నువ్వు కూసో అన్నాడు. ఆ పేపర్ల మధ్య గడ్డికి బూజు పడతాందంట. పెరట్లో ఏసి కాల్చేద్దామంటాండాడు."

"అత్తా, నా మాట విను. గట్టిగా మాట్లాడొద్దు. చెప్పులేసుకొని వాకిట్లోకి రా. పక్కింటోళ్ల ఇంట్లోకి పో."

"ఏమైందే? యాల అట్ల వణకతాండావు?"

"పో అత్తా! ముందు బయటికి పో!"

ఫోన్లో కుర్చీ జరిగిన చప్పుడయింది. ఆ వెనక, లోపలి గదిలోంచి, నెమ్మదైన మగగొంతు వినబడింది.

"ఎవరమ్మా ఫోన్లో?"

"మన హెలెనేనన్నా. ఏదో కంగారు పడతాండాది. వస్తాండాదంట."

కాగితాలు మడిచిన గరగర.

"రానీలే పాపం," అన్నాడు జ్ఞానశేఖర్. "యాడికమ్మా లేస్తాండావు? చల్లగాలికి నీకు దగ్గొస్తాది. కూసో. ఫోను ఇట్లియ్యి."

"అత్తా!" హెలెన్ కేకకు గేటు దగ్గర కృష్ణప్ప తిరిగి చూశాడు. బండి స్టార్టయి ముందుకు దూకింది.

చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టిన ఫోన్లో, నేల మీద చెప్పుల్లేని అడుగులు లోపలి గదిలోంచి తీరిగ్గా వాకిలి వైపు నడిచాయి. రోగిష్టివాళ్లున్న ఇంట్లో వేసినట్టు, కిర్రుమనకుండా, తలుపు మెల్లగా మూసుకుంది. ఆ తర్వాత లోపలి నుంచి గడియ పడింది.